మబ్బు పడిన చోటు

శేషగిరి టెంటు కొన్నాడన్న వార్త సాయంత్రానికల్లా ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్స్ అంతా పాకిపోయింది. తెలుగువాళ్ళూ, పంజాబీలూ, బెంగాలీలూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి పోయారు. పోనీ అదేమైనా కొత్తదా అంటే, ఆఫీసు వాళ్ళు పనికిరాదని రాసేసి వేలం వేసిన పాత ఫీల్డు టెంటు. ఖాకీ కాన్వాసు, ఇద్దరు పడితే గానీ కదలనంత బరువు, మడత విప్పితే గుప్పుమని ఎలుకల వాసన. కింది వాటా రామమూర్తి నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏమండీ శేషగిరి గారూ, దీంట్లో మీరు పడుకుంటారా, ఇదే మీ మీద పడుకుంటుందా?"

అందరూ నవ్వారు. శేషగిరి కూడా నవ్వాడు. ఆయన భార్య అన్నపూర్ణేశ్వరికి మాత్రం నవ్వు రాలేదు. రెండు రోజులు బట్టల సోడా వేసి మేడ మీద ఆ కాన్వాసును ఉతికింది ఆవిడే. అరచేతులు మండుతున్నా ఆపలేదు. ఆ టెంటు ఎందుకు కొన్నారో ఇంట్లో ఇద్దరికే తెలుసు. పిల్లలకు చెప్పకూడదని ఆ ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

శేషగిరి మ్యాపులు తయారుచేసే ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే వాలు బల్ల, అదే సన్న పాళీ కలం. విమానంలోంచి తీసిన ఫొటోలూ, ఫీల్డు వాళ్ళు కొలిచి తెచ్చిన ఎత్తులూ బల్ల మీదికి వస్తే, ఆయన కొండలకు గీతలు గీస్తాడు. ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ పోయే గోధుమ రంగు గీతలవి. దూరందూరంగా ఉంటే చదును నేల, దగ్గరగా ఉంటే నిలువు వాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటే అగాధం. హిమాలయాలు ఆయన చేతి కింద ఎన్ని మైళ్ళు పోయాయో లెక్కే లేదు. ఆయన ఎక్కిన కొండల్లోకెల్లా పెద్దది మాత్రం కోటప్పకొండ. రేపల్లె మనిషి మరి. ఆయనది బల్ల ఉద్యోగం, ఫీల్డుకు పంపేది కాదు.

ఇన్నేళ్ళలో ఆయన మనసుకు ముల్లులా గుచ్చుకున్న గీతలు ఒక్కచోటే ఉన్నాయి. హిమాచల్‌లోని స్పితిలో, కాజా ఊరు దాటాక, చెట్టన్నది మొలవని ఎడారి కొండల మధ్య ఒక పక్క లోయ. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆ చోటు మ్యాపు షీటు ఆయన చేతికొచ్చింది. ఫొటోలో సరిగ్గా ఆ లోయ మీద ఒక మబ్బు ముక్క కూర్చుని ఉంది. ఫీల్డు వాళ్ళు అంత లోపలికి పోలేదు. పై అధికారి తొందరపెట్టాడు. "అటూ ఇటూ చూసి కలిపెయ్యవయ్యా. ఎవడు పోయి చూడొచ్చాడు?" శేషగిరి కలిపేశాడు. అందాజు గీతలు కాబట్టి తెంపుతెంపులుగా వేశాడు. అక్కడ నేల చదునుగా ఉండొచ్చని దూరందూరంగా వేశాడు. షీటు అచ్చయింది, అందరూ మరిచిపోయారు. ఆయన మరిచిపోలేదు. అన్నం తింటూ తింటూ ఆగి, "ఆ మబ్బు కింద ఏముందో అన్నపూర్ణా" అనేవాడు. "ఏముంటుంది, మజ్జిగ పోసుకోండి" అనేది ఆవిడ. ఇంట్లో దానికి మబ్బు లోయ అని పేరే పడిపోయింది.

టెంటు కొన్న ఆ ఏడు ఫిబ్రవరిలో ఆయన గడప దాటబోయి రెండుసార్లు తలుపుకు గుద్దుకున్నాడు. పెద్దాసుపత్రికి వెళితే కళ్ళకు నీటికాసులు, గ్లకోమా అన్నారు. పక్కల చూపు ఎప్పుడో పోయిందట. మిగిలింది గొట్టంలోంచి చూసినంత. పోయినది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్ళు నిలబెట్టవచ్చు. "కొన్నాళ్ళంటే?" అని అన్నపూర్ణే అడిగింది. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అన్నాడు డాక్టరు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడే అంది, "ఏవండీ, ఈ ఎండాకాలం మబ్బు లోయకు పోదాం. నలుగురం."

ప్రతిసారీ సెలవు ప్రయాణానికి సర్కారు ఖర్చులిచ్చే ఎల్టీసీ ఫారంలో రేపల్లె అని రాసే మనిషి ఆ ఏడు కాజా అని రాశాడు. ఆఫీసంతా నవ్వుకుంది. కరోల్ బాగ్ టాక్సీ స్టాండులో జోగిందర్ అనే సర్దార్జీ సుమో కుదిరింది. 1996 జూన్ చివరి వారంలో, తెల్లవారకముందే టెంటు పైన కట్టి, లోపల కిరసనాయిలు స్టవ్వూ, ప్రెషర్ కుక్కరూ, ఆవకాయ సీసా, పులిహోర డబ్బా సర్దుకుని బయల్దేరారు. పదహారేళ్ళ ప్రణతికి స్నేహితులందరూ నైనితాల్ పోతుంటే తామెక్కడికో ఎడారికి పోవడమేమిటని మొహం ఇంత పొడుగు. తొమ్మిదేళ్ళ దీపుకు మాత్రం టెంటు అంటే చాలు.

"నాన్నా, ఔర్ కిత్‌నీ దూర్?"

"ఇంకా కర్నాలే రాలేదురా నాయనా."

మనాలిలో ఒక్క రాత్రి ఆగారు. మర్నాడు రోహ్తంగ్ కనుమ ఎక్కారు. మంచు గోడల మధ్య సుమో పోతుంటే శేషగిరి కిటికీకి అతుక్కుపోయాడు. మెడ తిప్పి తిప్పి చూస్తున్నాడు. పక్కనున్నది కనపడాలంటే ఆయన తలంతా తిప్పాలి. పిల్లలకది సంబరంలా కనిపించింది. అన్నపూర్ణకు గుండె కోసినట్టయింది. దీపు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కారు పడలేదనుకుని ఆవిడ నిమ్మకాయ వాసన చూపించి, వాంతుల మాత్ర వేసింది. ఆవిడకు తెలిసిన ఘాట్ రోడ్డు తిరుమలది. అక్కడ అది సరిపోయేది.

ఆ సాయంత్రం ఛత్రూలో, చంద్రా నది ఒడ్డున టెంటు వేశారు. రామమూర్తి అన్నంత పనీ అయింది. రెండుసార్లు అది శేషగిరి మీద పడుకుంది. ప్రణతి మొదటిసారి నవ్వింది. తిన్నాక, వెలుగు ఇంకా ఉండగా, శేషగిరి నది ఇసుకలో ఒక పుల్ల పట్టుకుని కూర్చున్నాడు. సరిహద్దు షీటు బయటికి తేకూడదని ఇన్నేళ్ళలో చిత్తు కాగితం మీద కూడా ఆ గీతలు ఇంటికి తీసుకురాలేదాయన. ఇసుకదేముంది, తెల్లారితే ఉండదు.

"ఇదిగో, ఇది ఏరు. ఇవి కొండలు. ఇక్కడ మబ్బు. ఈ తెగిన గీతలు నేను అందాజుగా వేసినవి. చూశారా ఎంత ఎడంగా ఉన్నాయో? అంటే ఇక్కడ చదును. ఎల్లుండి మన టెంటు వేసేది ఇక్కడే."

"తప్పయితే?" అంది ప్రణతి.

"తప్పయితే తప్పని తెలుస్తుంది గదమ్మా. అదే కావాలి నాకు."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఉన్న ఆశను అన్నపూర్ణ ఎప్పటికీ మరిచిపోలేదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన తనకోసం ఏదీ అడిగినట్టు ఆవిడకు గుర్తులేదు.

మర్నాడు మధ్యాహ్నానికి బాతల్ చేరారు. అంతా బండలు, మంచు కరిగిన నీళ్ళు, రాళ్ళు పేర్చి కట్టిన ఒక ధాబా. ఎదురుగా కుంజుమ్ కనుమకు ఎక్కే దారి మెలికలు మెలికలుగా కనిపిస్తోంది. ఆ కనుమ దాటితే స్పితి. సుమో దిగిన దీపు నాలుగడుగులు వేసి పక్కకు తూలాడు. తల పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ వాంతి. కాసేపటికి పలకరిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

ధాబా మనిషి వచ్చి వాణ్ణి ఒక్క చూపు చూశాడు. "బచ్చే కో నీచే లే జావో. అభీ" అన్నాడు. జోగిందర్ తల ఊపాడు. కిందికి పోవడమంటే వచ్చిన దారినే వెనక్కి పోవడం.

అన్నపూర్ణ దీపు తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడామె మనసులోకి ఒక ఆలోచన వచ్చింది. అది వచ్చినందుకు తర్వాత ఎన్నో రోజులు ఆమె తనను తాను క్షమించుకోలేదు. కనుమ దాటితే అవతల దిగుడే గదా, ఒక్క రాత్రి ఓర్చుకుంటే రేపటికి ఆయన ఆ లోయ చూస్తాడు గదా, పిల్లాడికి ఇంకో మాత్ర వేస్తే నిలబడతాడేమో గదా. కన్నబిడ్డ మూలుగుతుంటే ఒక్క నిమిషం పాటు ఆమె త్రాసు పట్టుకుంది. నోరు తెరిచి మాత్రం ఏమీ అనలేదు.

శేషగిరి కుంజుమ్ వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. కొంతసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తలంతా తిప్పి కొడుకు వైపు చూశాడు.

"జోగిందర్ జీ, గాడీ ఘుమా లీజియే." బండి వెనక్కి తిప్పమన్నాడు.

"ఏవండీ..." అంది అన్నపూర్ణ.

"నాలుగు వేల మీటర్ల గీత ఎన్ని వందల సార్లు గీసుంటానే నేను. ఆ గీత మీద పిల్లాడికి గాలి చాలదని ఒక్కనాడూ తట్టలేదు నాకు" అన్నాడాయన. "ఎక్కు. ఎక్కండి."

దిగుతుంటే ఛత్రూ దగ్గర ప్రణతి కిటికీలోంచి చూసింది. నిన్న గీసిన గీతల మీద గొర్రెల మంద నడిచిపోయింది. సాయంత్రానికి రోహ్తంగ్ కిందున్న గ్రాంఫూ చేరారు. కిందికి దిగిన కొద్దీ దీపు తేరుకున్నాడు. చివరికి లేచి కూర్చుని, "అమ్మా, భూఖ్ లగీ హై" అన్నాడు. అన్నపూర్ణ వాణ్ణి గుండెకు హత్తుకుని భోరుమంది. తర్వాత వాడికి పెరుగన్నం కలిపి పెట్టింది.

ప్రణతికి అప్పుడు కోపమొచ్చింది. "చూడు, బిల్‌కుల్ ఠీక్ హై వీడు! రెండు రోజులు ఇక్కడ ఆగి మళ్ళీ పోవచ్చుగా?"

"వద్దమ్మా" అన్నాడు శేషగిరి.

"నువ్వెప్పుడూ ఇంతే నాన్నా. ఏదీ పూర్తిగా చెయ్యవు. నైనితాల్ వద్దని ఇక్కడికి తీసుకొచ్చి, మధ్యలో వదిలేసి... నీకసలు ఆ లోయ చూడాలనే లేదు. ఉంటే ఇట్లా తిరిగొస్తావా?"

అన్నపూర్ణ చెయ్యెత్తింది. చెప్పేద్దామనుకుంది, అరిచి చెప్పేద్దామనుకుంది. శేషగిరి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. పెరుగన్నం నములుతూ దీపు అందరి మొహాలూ చూశాడు.

"నాన్నా, వచ్చే సమ్మర్‌కి వద్దాం. అప్పటికి నేను పెద్దవాణ్ణయిపోతా. అప్పుడు వామిట్ చేసుకోను, ప్రామిస్."

"అట్లాగేరా" అన్నాడు శేషగిరి.

వచ్చే ఎండాకాలానికి ఆయన ఎదుటి మనిషిని గొంతును బట్టి గుర్తుపడుతున్నాడు. ఆ చలికాలంలోనే ఒకరోజు ప్రణతి పట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు కోసం ఆయన చెయ్యి గాలిలో వెతికింది. అప్పుడు చెప్పక తప్పలేదు. ప్రణతి ఆ రోజు అన్నం తినలేదు. గ్రాంఫూలో అన్న మాటల ఊసు ఎవ్వరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. కానీ మరుసటి ఏడు కాలేజీలో చేరేటప్పుడు కామర్స్ మానేసి జాగ్రఫీ తీసుకుంది. కాలేజీ ట్రెక్కింగ్ క్లబ్బులో చేరింది. శేషగిరి ఉద్యోగం ముందే వదులుకున్నాడు. క్వార్టర్ ఖాళీ చేసి ఢిల్లీ శివారులో వైశాలిలో రెండు గదుల ఇంట్లోకి మారారు. ఆ ఖాకీ టెంటు కూడా వెంట వచ్చింది. పారేద్దామని ఎవరికీ నోరు రాలేదు.

1999 జూన్‌లో ప్రణతి తన క్లబ్బు వాళ్ళతో స్పితి వెళ్ళింది. ఈసారి మనాలిలో మూడు రోజులు, దారిలో ఇంకో మూడు రోజులు ఆగి, ఎత్తుకు అలవాటు పడుతూ వెళ్ళింది. పదిహేడు రోజుల తర్వాత, ముక్కు మీద చర్మం ఊడిపోయి, నల్లగా కమిలిపోయి తిరిగొచ్చింది. చెప్పులు విప్పుతూనే తల్లిని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"అమ్మా, వెళ్ళాను. మబ్బు లోయకి వెళ్ళాను."

"చదునే గదా?"

ప్రణతి తల అడ్డంగా ఊపింది. "చదునేం లేదమ్మా. నాన్న టెంటు వేద్దామన్నారే, సరిగ్గా అక్కడ నేల చీలిపోయి ఉంది. ఇంత వెడల్పు, చూస్తే కళ్ళు తిరిగేంత లోతు. బోర్లా పడుకుని చూశాను. నాన్నకేం చెప్పను?"

అన్నపూర్ణ పోపు మాడుతున్నా పట్టించుకోలేదు. ఇంత జరిగాక, అన్నీ పోయాక, ఆ ఒక్కటీ తప్పని కూడా ఎందుకు తెలియాలి ఆయనకు? ఒక్క మంచి మాట ఆయనకు బాకీ పడి ఉన్నానని ఆమెకనిపించింది.

"ఒప్పేనని చెప్పు" అంది. "అచ్చం నువ్వు గీసినట్టే ఉంది నాన్నా అని చెప్పు. నా మీద ఒట్టు."

ఊరికే చెబితే చాలదనుకుంది ప్రణతి. తల్లి స్వెటర్లల్లే తెల్ల ఊలు తీసుకుని, పెద్ద అట్టముక్క మీద ఫెవికాల్‌తో ఒక్కో గీతా అతికించింది. ఛత్రూ ఇసుకలో తండ్రి గీసినవన్నీ ఆ పిల్లకు గుర్తున్నాయి. ఏరు, కొండలు, మధ్యలో ఎడంగా, తెంపుతెంపులుగా వేసిన ఆ గీతలు. ఆరాక మర్నాడు మధ్యాహ్నం ఆయన ఒళ్ళో పెట్టింది. దీపు కింద క్రికెట్ ఆడుకుంటున్నాడు. అన్నపూర్ణ వాడి కోసం సగం అల్లిన నీలం స్వెటర్ పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"చూసొచ్చాను నాన్నా. ఇదే మబ్బు లోయ. నువ్వు వేసింది కరెక్టే."

శేషగిరి చూపుడు వేలు ఏటి దగ్గర మొదలై, మెల్లగా గీత వెంబడి నడిచింది. కొండ ఎక్కింది, దిగింది, మబ్బు దగ్గరికి వచ్చింది. ఆయన మొహం విప్పారింది. వేలు ఒకసారి వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెనక్కి పోయింది. మొహం మెల్లగా మామూలైపోయింది.

"అమ్మా, ఇది కొండను చూసి వేసింది కాదు. నన్ను చూసి వేసింది" అన్నాడు.

"అదేం లేదు నాన్నా..."

"ఏ కొండా ఇంత మర్యాదగా వంగదు తల్లీ. ఇది నా చెయ్యి. ఇరవై నాలుగేళ్ళ కిందటి నా చెయ్యి. నాకు తెలీదా? అక్కడికి పోలేకపోయావా?"

ప్రణతి తల్లి వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. అన్నపూర్ణే నోరు విప్పింది.

"పోయింది. చూసింది. ఒప్పని చెప్పమన్నది నేను."

"ఎందుకే?"

ఎందుకో చెప్పడానికి ఆమెకు మూడేళ్ళు పట్టింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. "ఆ రోజు బాతల్‌లో... బిడ్డ నా ఒళ్ళో అట్లా పడుంటే, ముందుకే పోదామనుకున్నానండీ. ఒక్క నిమిషం. మీకది చూపించాలని. వాడికేమన్నా అయితే అవుతుందని తెలిసే అనుకున్నా. తల్లినేనా నేను? ఆ నిమిషం నన్ను వదలట్లేదు. వాడికీ న్యాయం చెయ్యలేదు, మీకూ చెయ్యలేదు."

శేషగిరి వేలు ఊలు మీదే ఉంది.

"నీది ఒక్క నిమిషమే" అన్నాడు చివరికి. "నేను కుంజుమ్ వైపు తిరిగి నిలబడ్డాను, గుర్తుందా? పొద్దెంతుందో చూస్తున్నా. వాణ్ణి, మిమ్మల్ని జోగిందర్‌తో కిందికి పంపించేసి, ఏదైనా లారీ ఎక్కి నేనొక్కణ్ణీ పోయి చూసొస్తే ఎట్లా ఉంటుందా అని లెక్కేస్తున్నా. వాడి మూలుగు వినపడుతూనే ఉంది. అయినా లెక్కేస్తున్నా." ఆయన కళ్ళు గోడ వైపు చూస్తున్నాయి. అవి ఇంక ఎటు చూసినా ఒకటే. "వాడు తర్వాత అన్నం అడిగాడు చూడు, అప్పుడు నాకు నా మీద ఎంత అసహ్యమేసిందో చెప్పలేను. నీకు చెబితే నువ్వు నన్నసహ్యించుకుంటావని చెప్పలేదు."

అన్నపూర్ణ ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. ఆ కళ్ళకు ఏడవడం ఇంకా వచ్చు. ప్రణతి వచ్చి ఇద్దరి మధ్యా నేల మీద కూర్చుని, తండ్రి మోకాలికి తల ఆనించింది.

"నువ్వు చూడాలనుకోలేదని అన్నాను నాన్నా, ఆ రోజు. మాఫ్ కర్ దో."

"నువ్వు తిట్టావు కాబట్టి బతికిపోయానే పిచ్చిదానా. మెచ్చుకుని ఉంటే తట్టుకోలేకపోయేవాణ్ణి." ఆయన ఆమె తల నిమిరాడు. తర్వాత అట్ట మీద తట్టాడు. "సరే. ఈ తెగిన దారాలన్నీ పీకెయ్. ఉన్నదున్నట్టు వెయ్యి."

"అక్కడ చదును లేదు నాన్నా. పెద్ద చీలిక. నిలువుగా దిగిపోయింది."

"ఎంత లోతు?"

"కింద ఏరు ఊలు దారమంతే కనిపించింది."

"అబ్బా!" అన్నాడు శేషగిరి. ఆ ఒక్క మాటలో ఇరవై నాలుగేళ్ళ ఆకలి ఉంది. "అయితే గీతలు దగ్గరగా రావాలి. వెయ్యి, నేను పట్టుకుంటా."

ప్రణతి ఒక్కో దారం అతికిస్తుంటే ఆయన వేలితో అదుముతూ వచ్చాడు. "ఇంకా దగ్గరగా" అన్నాడు. "ఇంకా." దారానికి దారం ఒరుసుకుంది. వేలు పట్టే సందు లేకుండా పోయింది. అయినా లోతు సగమే అయింది, తెల్ల ఊలు అయిపోయింది.

"ఇంకా ఉందా తల్లీ కిందికి?"

"చాలా ఉంది నాన్నా."

అన్నపూర్ణ కళ్ళు తుడుచుకుంది. ఒళ్ళో ఉన్న దీపు స్వెటర్ లోంచి సూదులు లాగేసి, కొస వెతికి పట్టుకుని, అల్లినదంతా వరసగా విప్పుతూ ఆ నీలం ఊలు వాళ్ళకు అందించడం మొదలుపెట్టింది.